నెట్టు పోయిన రోజు

కోతులు కాలేజీ నెట్టు తీగ తెంపిన రోజు కూడా ఐలేశం సారు ఎప్పటిలాగే తడిగుడ్డతో కంప్యూటర్ల ముఖాలు తుడుస్తున్నాడు. అటెండరు సర్దార్ వచ్చి ఆ సంగతి చెప్పాడు. కొల్లాపూర్ కోతుల మీద అతనికి మొదటినుంచీ మంచి అభిప్రాయం లేదు.

"తెంపినయి సార్. ఒకటైతే తీగ మెడలేసుకొని గోడ మీద కూసుంది."

ఐలేశం గుడ్డ పిండి కిటికీకి ఆరేశాడు. రేపే ప్రాక్టికల్ పరీక్ష. బయటినుంచి వచ్చే ఎగ్జామినరు ముందు పిల్లలు తాము కట్టిన వెబ్ పేజీలు తెరిచి చూపాలి. చూపకపోతే తప్పినట్టే. వెనక బెంచీ శివకృష్ణ ఇదివరకే ఒకసారి తప్పాడు. ఈసారి తప్పితే చదువు చాలించి గొర్ల వెంట పొమ్మని వాళ్ళ బాపు ఖరాఖండిగా చెప్పాడు.

ఐలేశం ఈ ఊరికి టైపు నేర్పడానికి వచ్చాడు. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి. సిలబసు మారినప్పుడల్లా ఎండాకాలం సెలవుల్లో కొత్త పుస్తకం కొనుక్కొని, పిల్లలకన్నా ఒక్క పాఠం ముందు నడిచాడు. ఆ తరువాతి పాఠం అడిగినవాళ్ళకు "రేపు చెప్త" అనేవాడు. పెళ్ళి గురించి అడిగినా అదే అనేవాడు. పాఠాలు మాత్రం చెప్పాడు.

"నెట్టు లేకుంటే ఏందిరా? మనమే నెట్టయితం," అన్నాడు.

క్లాసులోని జేబా బ్రౌజరు, అంటే పేజీ కావాలని అడిగేది. పక్కగదిలో శివకృష్ణ సర్వరు, అడిగిన పేజీ పంపేవాడు. ఇటు చీటీ అటు చేర్చే దారి సర్దార్. జేబా రాసిచ్చిన చీటీ పట్టుకొని వరండాలోకి వెళ్ళిన సర్దార్ ఎంతకూ తిరిగి రాలేదు.

"ఏమైంది సర్దార్ భాయ్?"

"సదువుతున్న సార్."

"లోపలిది నీకెందుకయ్యా? పైన పేరు చూసి ఇచ్చుడే నీ పని."

"గొర్ల పేజీ అడిగింది సార్ పిల్ల. గొర్ల సంగతి నన్నడిగితే నేనే చెప్తుంటి గద!"

తరువాత జేబా కావాలనే ఎక్కడా లేని పేజీ అడిగింది. సర్వరు 'లేదు' అని చెప్పాలి. వచ్చిన చీటీ మీద 'కూసో, చాయ్ తాగు' అని ఉంది.

"లేదని రాయరా!" అని ఐలేశం కేకేశాడు.

"అడగనీకి వచ్చినోళ్ళకు మొఖం మీదనే లేదని ఎట్ల చెప్త సార్? మా ఇంట్ల గట్ల చెప్పం."

"సర్వర్‌కు మొహమాటం ఉండొద్దురా. నువ్వు లేదనకపోతే ఆ పిల్ల పొద్దుగూకేదాక కూసుంటది."

"కూసోనియ్యి సార్!" అంది క్లాసంతా. జేబా చేతిలోని చీటీలన్నీ వాళ్ళ మీదికి విసిరింది.

మధ్యాహ్నం ఐలేశం అటక మీది పాత కంప్యూటరు దింపించి, ల్యాబులోని మిషన్లన్నిటికీ దానితో తీగలు కలిపాడు. పిల్లల పేజీలు దానిలో పెడితే చాలు, బయటి నెట్టుతో పని లేదు. బల్లల కింద పాకుతూ పాకుతూ రెండుసార్లు ఆగి ఎడమ భుజం నొక్కుకున్నాడు.

"దవాఖానకు పోదమా సార్?" అన్నాడు సర్దార్.

"పరీక్ష అయిపోనియ్యి."

సాయంత్రానికి అందరి పేజీలూ ఎక్కాయి. ఆఖరున శివకృష్ణది. వాళ్ళ మందలోని పెద్ద పొట్టేలు తెర మీద తలకిందులుగా, కాళ్ళు ఆకాశానికి పెట్టి కనిపించింది.

"సచ్చిందారా?" అన్నాడు సర్దార్.

"ఏం సచ్చింది చిచ్చా, పొద్దుగాల్నే నన్ను పొడిచింది!"

ఐలేశం నవ్వి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "రేపు జల్ది వచ్చి తిప్పుత. ఫికర్ చెయ్యకు, ఇంటికి పో."

తెల్లవారి చాయ్ తీసుకొని వెళ్ళిన ఇల్లు కిరాయికిచ్చిన బక్కమ్మ ఎంత పిలిచినా ఐలేశం పలకలేదు. నిద్రలోనే పోయాడు.

పరీక్ష ఆగలేదు. మిషన్లు ఆన్ చేసింది జేబా. ఎగ్జామినరు శివకృష్ణ పేజీ తెరిచి, మెడ వంచి చూసి, నెట్టు లేకుండా ఈ పేజీ ఎట్లా వచ్చిందని అడిగాడు.

"మనం అడగాలె సార్. ఉంటే పంపుతది. లేకపోతే లేదని చెప్తది," అన్నాడు శివకృష్ణ. ఎగ్జామినరు ఇంకేమీ అడగకుండా పాసు మార్కులు వేశాడు.

పాత కంప్యూటరు ఇప్పటికీ ల్యాబు మూలన నడుస్తోంది. దాని పాస్‌వర్డు సారొక్కడికే తెలుసు. పొట్టేలును ఇంకా తిప్పాల్సే ఉంది.