చీకటి డబ్బాకి దీపం

ఎనిమిదో రోజు, ఆదివారం పొద్దున్నే తనూజ డబ్బా మూత తీసింది. తీసిన చేత్తోనే నెత్తి కొట్టుకుంది.

"అరే యార్! నానమ్మా, ఇందులోనూ మొలిచేశాయి!"

కనకమహాలక్ష్మి వంటింట్లోంచి పరుగున వచ్చి తొంగిచూసింది. తడిదూది మీద ఆవగింజకన్నా చిన్న తులసి విత్తనాలు, వాటిలోంచి దారప్పోగుల్లా తెల్లని మొలకలు. ఆవిడ చేతులు జోడించింది.

"మా తల్లే! సీకట్లో కూడా వచ్చీసినావా!"

ఉక్కు ప్లాంటు కాలనీ సెక్టర్ 2లోని ఆ క్వార్టర్‌లో వారం రోజులుగా మాటలన్నీ ఈ విత్తనాల మీదే. తొమ్మిదో తరగతి చదివే మనవరాలు బడికోసం ప్రయోగం పెట్టుకుంది. ఇరవై విత్తనాలు కిటికీ దగ్గర గాజుపళ్ళెంలో, ఇంకో ఇరవై నల్లగుడ్డ చుట్టిన స్టీలు డబ్బాలో, బీరువా అడుగు అరలో. వెలుతురు తగిలితేనే తులసి మొలుస్తుందని, చీకట్లో మొలవదని నిరూపించాలి. రికార్డు మర్నాడు సైన్సు మేడంకి ఇవ్వాలి. అది నచ్చితే రాయ్‌పూర్ సైన్సు ప్రదర్శనకి తనూజే వెళ్తుంది.

లెక్కపెడితే కిటికీ దగ్గర పదిహేడు, డబ్బాలో పద్నాలుగు.

"ఖతమ్. రాయ్‌పూర్ కేన్సిల్," అని తనూజ మంచం మీద బోర్లా పడింది.

కనకమహాలక్ష్మికి మాత్రం కాలు నిలవలేదు. గోడ అవతల బట్టలారేస్తున్న పక్క క్వార్టర్ ఎవాంజెలిన్‌ని పిలిచింది.

"ఇన్నావా అమ్మా? సీకట్లో ఎట్టినా తులసమ్మ మొలిచీసింది! దేవుడి లీల మీ సైన్సుకి అందుతాదేటి?"

"ఎవరి పెరట్లోనైనా మొలిపించీది దేవుడే కదా పిన్నీ," అని ఎవాంజెలిన్ నవ్వింది. "డబ్బాలోకి ఎక్కడినుంచో ఎలుతురు పోయుంటాది. గుడ్డ సరిగ్గా చుట్టిందేటి?"

"రెండు మడతలు చుట్టిందే. రోజూ సాయంత్రం నేనే కదా విప్పి..."

ఆవిడ మాట అక్కడే ఆగిపోయింది.

రోజూ సంజెవేళ దీపం వెలిగించి గదిగదికీ చూపించి, చివర్న తులసికోట దగ్గర పెట్టడం ఆవిడకి పెళ్ళినాటి నుంచి అలవాటు. బీరువాలో ఉన్నదీ తులసమ్మే కదా, పసిబిడ్డగా. ఆ వేళప్పుడు ఆమెని చీకట్లో వదిలెయ్యడానికి మనసొప్పలేదు. గుడ్డ విప్పి, మూత తీసి, దీపం ముందుపెట్టి, కళ్ళు మూసుకుని తొమ్మిదిసార్లు నామం చెప్పుకుని, మళ్ళీ అలాగే చుట్టేసేది. తనూజ అప్పటికి ట్యూషన్‌లో ఉంటుంది. మూత తీయొద్దని చెప్పిన మాట నిజమే. కానీ దీపం చూపించడం మూత తీయడం కిందికి వస్తుందని ఆవిడకి తోచలేదు. అసలు దీపాన్ని వెలుతురని ఆవిడ ఏనాడూ అనుకోలేదు. దీపం దీపమే. వెలుతురంటే ట్యూబ్‌లైటు.

"ఏటయ్యింది పిన్నీ?"

"ఏటీ నేదు. పాలు పొంగిపోతున్నాయి," అంటూ లోపలికి వచ్చేసింది.

పాలు లేవు, పొంగూ లేదు. ఎవరికి తెలుస్తుందిలే అని ఒకసారి అనుకుంది. మరి లీల అన్నానే, అది లీల కాకపోతే? ఒకవేళ దీపమే మొలిపిస్తే, అది మాత్రం దేవుడు చేసింది కాదా? ఎటూ తేల్చుకోలేక గదిలోకి వెళ్ళేసరికి, తనూజ రికార్డులో పద్నాలుగు చెరిపేసి రెండు వేస్తోంది.

"ఏటే అది?"

"సెట్టింగ్. డబ్బా కడిగేస్తే ఎవరు చూడొచ్చారు?"

"అబద్ధం రాస్తావా?"

"మరేం చెయ్యను? పుస్తకంలో ఒకటుంది, ఇక్కడ ఇంకోటి వచ్చింది. మేడం ముందు బేవకూఫ్‌లా నిలబడాలా?"

నిలబడవలసింది ఎవరో కనకమహాలక్ష్మికి తెలుసు. మంచం అంచున కూర్చుంది.

"పద్నాలుగే రాయి. దాని కింద నా పేరు రాయి."

చెప్పడం మొదలుపెట్టాక అంతా చెప్పేసింది. తనూజ నోరు తెరుచుకుని విన్నది.

"రోజూనా?"

"ఒక్కరోజూ మాన్లేదు."

"మూత తీయొద్దని నీకు తెలుగులో చెప్పాలా, హిందీలో చెప్పాలా నానమ్మా!"

"తిట్టు. రెండిట్లోనూ తిట్టు. అబద్ధం మాత్రం రాయకు."

తనూజ పుస్తకం విసిరి కొట్టింది. టిఫిను ముట్టలేదు. పది దాటాక లేచి, పుస్తకం తెచ్చుకుని, పద్నాలుగు వేసి, కింద రాసింది: రోజూ సాయంత్రం దీపం చూపించబడింది. చూపించినవారు నానమ్మ.

కనకమహాలక్ష్మి మళ్ళీ గోడ దగ్గరికి వెళ్ళింది. "లీలో దీపమో నాకే తెలీదమ్మా. తేలీదాకా ఎవరికీ సెప్పకు."

"మా ఆయనకి సెప్పీసేను పిన్నీ," అంది ఎవాంజెలిన్. "ఈపాటికి ప్లాంటులో షిఫ్టంతటికీ తెలిసిపోయుంటాది."

మర్నాడు తనూజ చెప్పులు విప్పకుండానే లోపలికి వచ్చింది.

"మేడం తిట్టలేదు! కొన్ని విత్తనాలకి కాస్త వెలుతురైనా చాలట. కానీ దీపమే కారణమని ఊరికే అనేస్తే చెల్లదంది. ఈసారి మూడు పెట్టాలి. ఒకటి కిటికీ దగ్గర, ఒకటి పక్కా చీకట్లో, ఒకటి నీ దీపంతో. అది తేలితే రాయ్‌పూర్. దీపం ఎంతసేపో రాయలేదని మార్కు మాత్రం కోసింది."

ఆ సాయంత్రం ట్యూషన్ మానేసి, ఖాళీ డబ్బా ఒకటి ముందుపెట్టి, తనూజ ఫోనులో స్టాప్‌వాచ్ తీసింది.

"కాళీ డబ్బాకి దీపమేటే?"

"రిహార్సల్. రోజూ చేసినట్టే చెయ్యి. స్టార్ట్!"

ఆవిడ కళ్ళు మూసుకుంది, పెదవులు కదిలాయి, కళ్ళు తెరిచింది.

"ఇరవై ఒక్క సెకన్లు. ఫాస్ట్ కొట్టేశావ్ నానమ్మా."

"నువ్వలా ఫోనట్టుకుని కూకుంటే దేవుడి మీదకి మనసెలా ఎల్తాదే?"

"మరి రోజూ ఎల్తాదా?"

కనకమహాలక్ష్మి దీపం వత్తి ఎగదోసింది. ఎన్ని సాయంత్రాలు నామం నోట్లోనూ, మనసు కుక్కరు కూత మీదా ఉన్నాయో ఆవిడకి తెలుసు.

"మళ్ళీ నొక్కు," అంది. ఈసారి నిదానంగా మొదలుపెట్టింది.