నీడ చేసిన కాపురం

సాయంత్రం షాపుకి తాళం వేసి ఇంటికి రాగానే వెల్డరు చేసే మొదటి పని లైట్లన్నీ ఆర్పేయడం. తెల్లవారకముందే వెళ్లి, పొద్దస్తమానం నల్ల అద్దంలోంచి నిప్పురవ్వల్ని చూసి చూసి కళ్లు మండిపోతాయి. చీకట్లో కుర్చీలో వాలి, కళ్లు మూసుకుని రెండో పని మొదలుపెడతాడు. అది పెళ్లానికి ప్రశ్నలు వేయడం.

"ఇవాళ ఎవరొచ్చారు? తలుపు ఎవరు తీశారు, నువ్వా, మా అమ్మా? నువ్వైతే అంతసేపు గుమ్మంలో ఏం పని?"

వీధిలో అతని పేరు ఎంక్వయిరీ. గేట్లు, కిటికీ గ్రిల్లులు అతను చేసినంత గట్టిగా ఇంకెవరూ చేయలేరు. ఒకసారి అతికాడంటే ఏనుగు లాగినా ఊడదు. పెళ్లాన్ని మాత్రం ఏ క్షణాన ఊడిపోతుందో అన్నట్టు చూసేవాడు. ఆమె మొదట్లో నవ్వుతూ జవాబు చెప్పింది, తర్వాత విసుక్కుంటూ చెప్పింది, ఆ తర్వాత పోట్లాడుతూ చెప్పింది. నిజం చెప్పినా గుచ్చి గుచ్చి అడిగేవాడు. ఎంతని భరిస్తుంది, ఆమెదీ ప్రాణమే కదా!

అలాంటిది ఈమధ్య పోట్లాటలు ఆగిపోయాయి. ఏది అడిగినా నెమ్మదిగా, పొల్లుపోకుండా ఒకటే జవాబు. "ఎవరూ రాలేదండీ. నేను గడప దాటలేదు." ఇంకొకడైతే కాపురం కుదుటపడిందని సంతోషించేవాడు. మనవాడికి మాత్రం నిద్ర కరువైంది. ఎదురు చెప్పని పెళ్లాం కచ్చితంగా ఏదో దాస్తోందని తేల్చుకున్నాడు. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. దాని మీదా ఓ అనుమానం. అంతసేపు నీళ్లలో చేతులు పెట్టి ఏం కడిగిందట?

చివరికి ఒకరోజు గేటు పని సగంలో వదిలేసి, చెప్పాపెట్టకుండా మిట్టమధ్యాహ్నం ఇంటికొచ్చాడు.

వంటింట్లో అతని భార్య నడుమెత్తు ఉంది. స్టూలెక్కి గిన్నెలు తోముతోంది. మనిషంతా పల్చటి బూడిద రంగు. కిటికీలోంచి వచ్చిన ఎండకి స్టూలు నీడ నేలమీద పడింది గానీ ఆమె నీడ పడలేదు.

"అమ్మా! ఏంటిది?" అని కేక పెట్టాడు.

అతని తల్లి కూరలు తరుగుతూ తల కూడా ఎత్తలేదు. "మధ్యాహ్నం కదరా, పొట్టిగానే ఉంటుంది. పొద్దు వాలేకొద్దీ పెరుగుతుందిలే. సాయంత్రమైతే అటక మీద సామాను దించడానికి నిచ్చెన కూడా అక్కర్లేదు."

"ఇది నా పెళ్లాం కాదు!"

"నీ పెళ్లాం నీడ. ఆ అమ్మాయి వాళ్ల నాన్న దగ్గరికెళ్లి మూడు నెలలైంది. వేడి తట్టుకోలేక సూర్యుడి పెళ్లామే నీడని ఇంట్లో పెట్టి పుట్టింటికి పోయిందిరా. మన కోడలెంత?"

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నమ్మేవాడివా?"

వీధి వీధంతా తెలుసట. పాలవాడు రోజూ పొద్దున్నే వీధిలోనే నిలబడి, కిటికీలోంచి నీడకే పాలు పోసి వెళ్తున్నాడట. ఎవరొచ్చారని ప్రతిరోజూ అడిగిన పెద్దమనిషికి, ఇంట్లోంచి ఎవరు వెళ్లారన్న సంగతి తట్టనేలేదు. ఇప్పుడు తట్టాక అతని బుర్ర ఆగలేదు. పుట్టింట్లో ఉందని ఏంటి నమ్మకం? నీడని ఇక్కడ కాపలా పెట్టి, అసలు మనిషి ఎవడితో ఉందో! అడ్డంగా పట్టుకోవాలంటే ఎదురెదురుగా నిలబెట్టాల్సిందే. నీడ చెయ్యి పట్టుకుని గుమ్మంవైపు లాగాడు.

అప్పుడు లేచింది తల్లి. "ఒరేయ్, దాన్ని మాత్రం తీసుకెళ్లకు! నీడ లేని మనిషి దూరం పోలేదు. ఇది ఇక్కడున్నంత కాలం కోడలు మనదే. రెండూ కలిశాయంటే ఆ అమ్మాయికి ఇక ఈ ఇంటితో పనేముంటుంది?"

"ఓహో, నువ్వూ దాని పక్షమేనన్నమాట," అన్నాడు వెల్డరు.

మామగారి లేతు షాపు ఊరికి ఆ చివర. బస్సులో కండక్టరు నీడకి సగం టికెట్టు కొట్టాడు. దారి పొడుగునా వెల్డరు ఎంక్వయిరీ మానలేదు.

"ఇన్నాళ్లూ నాకు అబద్ధాలు చెప్పావు!"

"ఒక్కటీ చెప్పలేదండీ," అంది నీడ. "ఎవరూ రాలేదన్నాను, రాలేదు. గడప దాటలేదన్నాను, దాటలేదు. ఇదే మొదటిసారి."

బస్సు ఆగుతూ ఆగుతూ పోయేసరికి ఎండ వాలింది. దిగేటప్పుడు కండక్టరు నీడని ఎగాదిగా చూసి మిగతా సగం టికెట్టు డబ్బులు అడిగాడు.

షాపులో భార్య కళ్లద్దాలు పెట్టుకుని లేతు మిషను మీద ఇరుసు తిప్పుతోంది. మామగారు పక్కన నేలమీది ఇనుప తురుము ఊడుస్తున్నాడు. మూడో మనిషి లేడు. వెల్డరు నమ్మలేదు. తలుపు వెనక చూశాడు, బల్ల కింద చూశాడు.

"నిదానంగా వెతకండి అల్లుడుగారూ. ఆ నూనె డ్రమ్ము వెనక కూడా చూడండి," అన్నాడు మామగారు. "సూర్యుడు లోకమంతా చూస్తాడంటారు గానీ, నీడని మాత్రం ఆయన ఎప్పుడూ చూసి ఎరగడు. ఆయన చూపు పడ్డచోట అది ఉండదుగా! మీరూ అంతే. ఇంత వెతికారు, మా పిల్ల బాధ మీ కంట పడలేదు. ఆ సూర్యుడి కథలో మామగారు అల్లుణ్ణి సానరాయి మీద అరగదీసి వేడి తగ్గించాడట. నా మిషను ఇనుముకే పనికొస్తుంది. ఏం చేయను?"

భార్య మిషను ఆపి తిరిగింది. ఆ వేళకి ఆమే, నీడా సరిగ్గా ఒకే ఎత్తు ఉన్నారు.

"మీరే తెచ్చారా?" అంది ఆశ్చర్యంగా. "దూరాన ఫ్యాక్టరీలో ఉద్యోగమొచ్చింది నాకు. నీడ లేక ఈ ఊరు దాటలేకపోయాను. తెచ్చుకుందామని ఆ గడప ఎక్కితే మళ్లీ దిగనిస్తారో లేదోనని భయం."

వెల్డరు నీడ చేతిని మళ్లీ పట్టుకుని పిడికిలి బిగించాడు. తల్లి చెప్పింది నిజమని అప్పటికి అర్థమైంది. కానీ నీడని పిడికిట్లో పట్టి ఉంచడం ఎవరి తరం? చల్లగా జారి, నేలమీద పరుచుకుని, వెళ్లి ఆమె కాళ్లకి అంటుకుంది. ఆమె ఒక అడుగు పక్కకి వేసి చూసుకుంది. నీడా వేసింది. ఆమె ముఖం తెరిపిన పడింది.

అతనికి ఒళ్లంతా భయం పట్టింది. ఎక్కడికి, ఎవరితో, ఎన్నాళ్లు, అక్కడ పక్క మిషను మీద ఎవరుంటారు? ప్రశ్నలన్నీ ఒక్కసారి గొంతులోకి తోసుకొచ్చాయి. ఆమె చేతులు కట్టుకుని వాటి కోసమే నిలబడింది, ఒకప్పుడు రోజూ చీకటి గదిలో నిలబడ్డట్టే. పట్టపగటి వెలుతుర్లో ఆ ముఖాన్ని అతను చూసి ఎన్నాళ్లయిందో. అంత అలసిపోయి ఉంటుందని ఊహించలేదు. సిగ్గేసింది. నోరు మూసుకున్నాడు.

మూలనున్న ఆమె సంచీ తీసి భుజాన వేసుకుని బస్టాండు దాకా మోశాడు. బస్సు వచ్చింది. ముందున్న ఊరి పేరు బోర్డు కంటపడకుండా తల పక్కకి తిప్పుకున్నాడు.

"చేరాక ఫోన్ చేస్తాను," అంది ఆమె మెట్టెక్కుతూ. పెళ్లయ్యాక అతను అడక్కుండా ఆమె తనంతట తాను ఇచ్చిన మొదటి మాట అది.

ఇంటికొచ్చేసరికి తల్లి గుమ్మంలోనే కాచుకుని ఉంది. "నీడ ఏదిరా?"

"దాని మనిషి దగ్గరికి వెళ్లింది."

"మరి ఆ మనిషి?"

"ఉద్యోగానికి."

"ఏ ఊరు? ఎవరితో? మళ్లీ ఎప్పుడొస్తుంది?"

"అడగలేదమ్మా," అన్నాడు వెల్డరు.

తల్లి కొడుకుని కిందినుంచి పైదాకా అనుమానంగా చూసింది. గబగబా వెళ్లి గదిలో లైటు వేసింది. అతన్ని దీపం కిందికి లాగి, వంగి కాళ్ల దగ్గర పట్టి పట్టి చూసింది. నీడ ఉంది. అయినా ఆవిడకి నమ్మకం కుదరలేదు.