తాళం వేసిన దసరా

దసరా నాడు ఊరంతా గుమ్మాలకు మామిడాకులు కట్టుకుంటుంటే మేం ఇంటికి తాళం వేస్తాం. ఆరేళ్లుగా ఇదే తంతు. మా మామ వెంకటనర్సయ్య దసరా రోజు పొద్దున పోయాడని లెక్క. పండుగ నాడు మనిషి పోతే ఆ పండుగ ఇంక ఆ ఇంటికి ఉండదు. మళ్లీ అదే రోజున ఆ ఇంట్లో బిడ్డో, కొట్టంలో దూడో పుట్టేదాకా అంతే. సూర్యాపేటలో మాది రెండు గదుల కిరాయి ఇల్లు, దూడను ఎక్కడ కట్టేస్తాం? బిడ్డ సంగతంటారా, శ్రీజ తర్వాత నాకు రెండుసార్లు కడుపు నిలవలేదు. అది తెలిసినవాళ్లు కూడా "ఈసారి దసరాకు అందేటట్టు కనరాదా భాగ్యా" అని నవ్వుతారు. నేనూ నవ్వుతాను. నవ్వకపోతే ఇంకో గంట మాట్లాడతారు.

అందుకని ఏటా ఆ రోజు కారేసుకుని చుట్టాల ఇళ్ల మీద పడతాం. పొద్దున కోదాడలో మా ఆడబిడ్డ తార వదినె ఇల్లు, మధ్యాహ్నం మిర్యాలగూడలో మా అమ్మ ఇల్లు. చీకటి పడి, మా వాడలో అందరూ బంగారమని జమ్మాకు పంచుకోవడం అయిపోయాక, దొంగల్లా వచ్చి తలుపు తీసుకుంటాం. పిల్లకు పండుగ లోటు తెలియకూడదని మొదలుపెట్టిన తిరుగుడు ఇది. ఎనిమిదేళ్ల పిల్లకు తెలియనిది ఏముంటుంది?

ఈసారి శ్రీజ వాడలోని తన దోస్తుల కోసం, కారు తలుపు పట్టుకుని ఎక్కనని నిలబడింది.

"ఆరు గంటలకు ఇంటికాడ ఉండాలె. చాందీ వాళ్లు జమ్మి తెస్తరు. పోయినేడు తెచ్చి తాళంల ఇరికిచ్చి పోయిన్రు. నానమ్మ తీసి పక్కింటి తులసికాడ పెట్టింది."

"మనకు జమ్మి లేదు బిడ్డా," అంది మా అత్తమ్మ చంద్రమ్మ, ముందు సీట్లోంచి తల తిప్పకుండానే.

"ఆరు గంటలకు ఉందాం తియ్, ఎక్కు," అన్నాడు యుగంధర్. నా మొగుడు మార్కెట్ యార్డులో గుమాస్తా. పొద్దస్తమానం రైతులకూ వ్యాపారులకూ సర్దిచెప్పి సర్దిచెప్పి, ఇంట్లో కూడా ఎవరేమడిగినా సరేననడం అలవాటైంది.

నేను రాత్రంతా డ్యూటీ చేసి ఏడింటికి ఇంటికొచ్చి, స్నానం చేసి అట్లాగే కారెక్కాను. ఒక ప్రైవేటు దవాఖానలో నర్సును. పండుగ ముందు రాత్రి డ్యూటీ ఎవరూ చెయ్యరు. మా ఇంట్లో పండుగ లేదని అందరికీ తెలుసు కాబట్టి అది ఏటా నాకే పడుతుంది.

హైవే మీద బళ్లన్నీ ముస్తాబై ఉన్నాయి. మేళ్లచెరువు వైపు సిమెంటు లారీలు కూడా కడిగి, బంతిపూల దండలు వేసుకుని, ముందు రెండు అరటి పిలకలు కట్టుకుని నిలబడ్డాయి. రోడ్డు మీద పగిలిన గుమ్మడికాయలను తప్పించుకుంటూ మా కారు ఒక్కటే బోడిగా పోతోంది. శ్రీజ అద్దానికి ముక్కు ఆనించి ఒక్కో బండినీ చూస్తూ కూర్చుంది.

కోదాడలో తార వదినె ఎదురొచ్చింది. సరిహద్దు ఊళ్లో ఇరవై ఏళ్ల కాపురంలో ఆమె మాటకు ఆంధ్ర గాలి బాగానే తగిలింది. "రండి రండి, కాళ్లు కడుక్కోండి. ఏంటి భాగ్యా, మొహం అట్లా పీక్కుపోయింది?" అంటూనే చేతిలో గారెల పళ్లెం పెట్టింది. తిన్నాను. ఏం తిన్నానో నాలుకకు తెలియలేదు. సోఫాలో ఒక పది నిమిషాలు ఒరుగుదామంటే పక్కింటివాళ్లు వచ్చి, ఇంకొకరిని కనే విషయం మళ్లీ ఎత్తారు.

బయల్దేరదామని కిందికి వచ్చేసరికి మా కారు ముందు బంతిపూల దండ ఉంది. శ్రీజ అడిగితే వదినె తమ షాపు కోసం తెచ్చిన దండల్లో ఒకటి కట్టింది. పిల్ల కారు చుట్టూ తిరుగుతూ నాలుగు వైపుల నుంచీ చూసుకుంటోంది.

"ఎవలు కట్టిన్రది? ఇప్పుండ్రి," అంది అత్తమ్మ.

"కారుకేమైందమ్మా? కారు మీ ఇల్లు కాదుగా," అంది వదినె.

"కారు వాని పేరున ఉన్నది. వాడు ఆ ఇంటోడు."

యుగంధర్ వంగి ముడి విప్పాడు. శ్రీజ ఏడవలేదు. వెళ్లి వెనక సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది. ఏడ్చినా బాగుండేది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంది మా అత్త వ్యవహారం. నాకు ఒళ్లు మండిపోయింది. ఒక్క మాట అంటే ఈ పీడంతా వదిలిపోతుంది. ఆ మాట ఆరేళ్లుగా నా నోట్లోనే ఉంది.

హుజూర్‌నగర్ దాటాం. రోడ్డుకు రెండు వైపులా వరి పొట్ట మీద ఉంది. కళ్లు మూసుకున్నాను గాని నిద్ర రాలేదు. ఈ రోజున నాకు ఆ పొద్దుటి సంగతే గుర్తొస్తుంది.

మామ పక్షవాతంతో మూడు నెలలు మంచంలో ఉన్నాడు. నాకు అప్పుడూ రాత్రి డ్యూటీలే. పగలు వంట, చంటిపిల్ల, రాత్రి మొగుడి పక్కన జాగారం, అన్నీ అత్తమ్మవే. ఆ రోజు నేను ఏడింటికి వచ్చేసరికి వాకిట్లో జనం ఉన్నారు. "పొద్దు పొడిచి ఎండ మొఖాన పడ్డప్పుడు నీళ్లడిగిండు. తల ఒళ్లె పెట్టుకొని పోసిన. రెండు గుక్కలు మింగి పోయిండు," అని అత్తమ్మ వచ్చినవాళ్లకల్లా చెబుతోంది. నేను మామ చెయ్యి తీసి గుండె మీద పెట్టబోయాను. అది వంగలేదు. దవడ బిగుసుకుపోయి ఉంది. దవాఖానలో ఎంతమందిని సర్దానో లెక్క లేదు, ఆ మాత్రం నాకు తెలుసు. మనిషి పోయి ఐదారు గంటలు దాటింది. అంటే ఇంకా నవమి రాత్రే. పొద్దు పొడవకముందు పోతే అది ముందు రోజు కిందే లెక్క.

తలెత్తి చూస్తే అత్తమ్మ నన్నే చూస్తోంది. నోరు మాత్రం "రెండు గుక్కలు" అంటూనే ఉంది. నాకు అర్థమైంది. ఆమె రాత్రి నిద్రపోయింది. మూడు నెలల నిద్ర ఆ ఒక్క రాత్రి ఆమెను పడేసింది. మొగుడు పోతుంటే గొంతులో చుక్క నీళ్లు పొయ్యకుండా నిద్రపోయిందన్న మాట ఒకసారి వాడలో పడితే ఆడమనిషిని చచ్చేదాకా వదలదు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని, నేను ఆ చేతి మీదికి దుప్పటి లాగి ఊరుకున్నాను. అప్పుడు శ్రీజకు రెండేళ్లు. ఆ అబద్ధానికి పిల్ల తన పండుగ పోగొట్టుకుంటుందని నాకు తట్టలేదు.

మిర్యాలగూడలో రైసు మిల్లులు పండుగకు మూసి ఉన్నాయి గాని ఊక వాసన మాత్రం ఎక్కడికీ పోలేదు. మా అమ్మ భద్రమ్మ అందరినీ వరసగా కూర్చోబెట్టి మటన్ వడ్డించింది. శ్రీజ ముద్ద పట్టుకుని అడిగింది.

"అమ్మమ్మా, మీ ఇంట్ల ఎవలు సచ్చిపోలేదా దసరాకు?"

"ఎందుకు పోలే? మా పెదనాయిన పోయిండు. కాని కోడి కూయకముందు పోయిండు. అయ్యగారొచ్చి పంచాంగం సూసి అది నవమి లెక్కనే అన్నడు. గందుకే మాకు పండుగ పోలే."

మా అమ్మ ఏమీ ఎరగదు. ఉన్న మాట చెప్పింది. శ్రీజ నమలడం ఆపేసింది. పళ్లెం మీంచి వంగి నానమ్మ వైపు చూసింది.

"నానమ్మా, తాత పోయినప్పుడు పొద్దు పొడిచిందా?"

"పొడిచింది."

"నువ్వు సూసినవా?"

"సూసిన బిడ్డా."

అత్తమ్మ సగం అన్నంలోనే చెయ్యి కడుక్కుంది. నేను ఎవరూ అడగని పప్పు తెచ్చి అందరి పళ్లేల్లో వేశాను. యుగంధర్ తలెత్తకుండా తింటున్నాడు. అతనికి ఏమీ తెలియదు. అమ్మ ఒళ్లో నీళ్లు తాగి నాయిన పోయాడన్నది అతనికి మిగిలిన ఒకే ఒక ఊరట. నేను చెప్పకపోవడానికి అదీ ఒక కారణం. మిగతాది ఆమె మీద జాలి. ఇంకా నిజం చెప్పాలంటే, బద్ధకం. ఇంత అలసటలో ఇంకో గొడవ ఎవరు ఎత్తుకుంటారు?

నాలుగున్నరకు బయల్దేరాం. ఈసారి అత్తమ్మ నా పక్కన వెనక కూర్చుంది, శ్రీజ ముందు కూర్చుని టైమెంతయిందని అడుగుతూనే ఉంది. ఊరు దాటక ముందే రైలు గేటు పడింది. ముందు రెండు ట్రాక్టర్లు, వాటి నిండా జనం. ఐదు, పది, పదిహేను నిమిషాలైంది. శ్రీజ ఉండబట్టలేక దిగి గేటు దగ్గరికి నడిచింది. యుగంధర్ దాని వెంట దిగాడు.

"భాగ్యా," అంది అత్తమ్మ.

"ఆఁ అత్తమ్మా."

"రాత్రి డ్యూటీల నీకు నిద్రొస్తదా?"

"రాకేం, వస్తది."

"అప్పుడేం జేస్తవ్?"

"మొఖం కడుక్కుంట. చాయ్ తాగుత. అయినా ఒక్కోసారి కూసున్న కాడనే కన్ను పడ్తది."

ఆమె చాలాసేపు చీర కొంగు అంచును మడతలు పెట్టింది, విప్పింది. "మరి నిన్ను నువ్వు తిట్టుకోవా?"

"మొదట్ల తిట్టుకున్న. ఇప్పుడు లేదు. మనిషిని గద అత్తమ్మా, ఎంతకని ఓపుత?"

నాకు తెలుసు అత్తమ్మా అని చెప్పేద్దామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. అంతలో గూడ్సు బండి వచ్చింది. అది పోయేదాకా ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అది పోయాక గేటు లేచింది, శ్రీజ పరుగెత్తుకొచ్చి కారెక్కింది.

ఇల్లు చేరేసరికి ఆరూ ఇరవై. చాందీ, ఇంకో ఇద్దరు ఆడపిల్లలు మా మెట్ల మీద కూర్చుని ఉన్నారు. కొత్త గౌన్లు, ఒళ్లో స్టీలు పళ్లెంలో జమ్మాకు. శ్రీజ కోసమే వేరే ఇళ్లకు పోకుండా కూర్చున్నారట. మమ్మల్ని చూసి ముగ్గురూ లేచి నిలబడ్డారు.

శ్రీజ కారు దిగి వాళ్ల దాకా వెళ్లింది. చాందీ ఆకు తీసి పట్టుకోగానే శ్రీజ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"మా ఇంట్ల దసరా లేదు. పొద్దు పొడిచినంకనే పోయిండట మా తాత. నేను అడిగిన," అంది. ఇంటికి చేరాలని పొద్దున్నించి నిమిషాలు లెక్కపెట్టిన పిల్ల, మాలో ఎవరూ అడ్డు చెప్పకముందే తనే అనేసింది. ఇంక చాలు, ఎవరేమైనా కానీ చెప్పేద్దామని నోరు తెరిచాను.

"తీసుకో బిడ్డా," అంది వెనక నుంచి అత్తమ్మ. ఆమె చేతిలో తాళంచెవి ఉంది. "మనింట్ల దసరా ఉన్నది."

"అమ్మా?" అన్నాడు యుగంధర్.

"మీ నాయిన పొద్దు పొడిచినంక పోలేదు యుగంధర్. ఎప్పుడు పోయిండో నాకు తెల్వదు. నేను నిద్రపోయిన." మెట్ల పక్క గోడ పట్టుకుని నిలబడి, ఎదురింటి అరుగు మీదివాళ్లకు కూడా వినపడేట్టే చెప్పింది. "లేసి సూసేవరకు సల్లగున్నడు. ఇంక చీకటే ఉండె, భయపడి తెల్లారేదాక నిన్ను లేపలే. నీళ్లు పొయ్యలే. పోసిన్నని అందరికి అబద్ధం జెప్పిన. భాగ్యకు తెలుసు."

యుగంధర్ నా వైపు చూశాడు. "తెలుసా?"

"తెలుసు," అన్నాను.

అతను వెనక్కి తిరిగి కారులో కూర్చుని తలుపు వేసుకున్నాడు. అతను అరిచినా నాకు ఇంత భయం వేసేది కాదు. అత్తమ్మ తాళం తీసి లోపలికి వెళ్లింది. చాందీకి ఇవేవీ అర్థం కాలేదు. తను శ్రీజ చేతులు ముందుకు లాగి, జమ్మాకు పెట్టి, "బంగారం" అని నవ్వింది. శ్రీజ పిడికిలి మూసి అట్లాగే నిలబడిపోయింది.

నేను వంటింట్లోకి పోయి లైటు వేసి పొయ్యి మీద మూకుడు పెట్టాను. దసరా రోజున మా ఇంట్లో మూకుడు పెట్టి ఆరేళ్లు దాటింది. ఏం వేయించాలో తోచక కాసేపు ఊరికే నిలబడ్డాను. చివరికి డబ్బా అడుగున నాలుగు అప్పడాలు దొరికాయి.

అప్పడాలు వేయించి బయటికి వచ్చేసరికి యుగంధర్ గుమ్మం దగ్గర స్టూలు ఎక్కి ఉన్నాడు. పొద్దున కోదాడలో విప్పిన దండ పారెయ్యలేదు, డిక్కీలో పెట్టుకున్నాడు. సగం వాడిపోయింది. దాన్ని తలుపు పైన మేకుకు కడుతున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నా వైపు చూడలేదు.

ముందు గదిలో అత్తమ్మ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. శ్రీజ జమ్మాకు పట్టుకుని ఆమె ముందుకు వెళ్లింది, నానమ్మ చేతిలో పెట్టి కాళ్లు మొక్కాలని. ఆమె తల పక్కకు వాలి, నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. ఒళ్లో చెయ్యి వెల్లకిలా పడి ఉంది. గాఢంగా నిద్రపోతోంది.

"నానమ్మా," అని శ్రీజ భుజం పట్టుకుని ఊపబోయింది.

"లేపకు బిడ్డా," అన్నాడు యుగంధర్ స్టూలు మీంచే. "పండుకోనీ."

శ్రీజ నాలుగు ఆకులు ఆమె అరచేతిలో పెట్టి, లేచేదాకా చూద్దామని అక్కడే కింద కూర్చుంది.