పచ్చ లైటు వెలిగినంతసేపు

కుట్టుమిషను మీద నుంచి బట్ట తీయగానే దాని కింద నా కూతురి ఇన్‌హేలర్ కనిపించింది. పొద్దున జడ వేయించుకుంటూ అక్కడ పెట్టి, మరిచిపోయి బడికి వెళ్ళిపోయింది.

ఉబ్బసం ఉన్న పిల్ల. ఇదివరకైతే ఇంత హడలిపోయేదాన్ని కాదు. దగ్గు మొదలైతే టీచరమ్మే ఫోన్ చేసేది. ఇప్పుడు మా చిట్టి బడిలో దగ్గడం మానేసింది. నా భయమంతా అదే.

వాళ్ళ క్లాసు మెయిన్ రోడ్డు పక్కనే. బయట లారీల హారన్లు, లోపల పిల్లల గోల. టీచరమ్మ గొంతు చించుకున్నా వెనక బెంచీకి పాఠం చేరేది కాదు. లెక్కల్లో సగం మంది బోల్తా కొట్టారు. అందుకని రోడ్డు వైపు కిటికీలు మూయించి, గోడకి ఒక పెట్టె తగిలించారు. నిశ్శబ్దంగా ఉంటే పచ్చ లైటు, చప్పుడు పెరిగితే ఎర్ర లైటు. ఎరుపు వెలిగితే ఆ రోజు క్లాసంతటికీ ఆటలు బంద్. నిజం చెప్పాలి కదా, మార్కులు పెరిగాయి. నేనూ సంబరపడ్డాను.

ఒకసారి చిట్టి దగ్గుకే ఎరుపు వెలిగింది. టీచరమ్మ ఏమీ అనలేదు, పిల్లలు మాత్రం దాన్ని వెలేశారు. అప్పటి నుంచి ఇంట్లో దిండులో మొహం దూర్చి దగ్గు దిగమింగుతోంది.

“ఏంటే ఆ వేషాలు?” అని కసిరాను.

“ప్రాక్టీసు అమ్మా,” అంది.

టీచరమ్మకి ఫోన్ చేశాను. తీయలేదు. తీయదు కూడా, క్లాసులో అది మోగితే ఎరుపు వెలుగుతుందని సైలెంట్‌లో పెడుతుంది. ఇన్‌హేలర్ గుప్పిట్లో పెట్టుకుని పరిగెత్తాను. దారిలో ఎవరో పలకరించారు. ఎవరో చూడలేదు.

బడి వరండాలో చీమ చిటుక్కుమన్నా వినిపించేలా ఉంది. టీచరమ్మ గుమ్మంలోకి వచ్చి, పెదాల మీద వేలు పెట్టి, మురిపెంగా గుసగుసలాడింది.

“చూశారా, పొద్దుట్నుంచీ పచ్చే!”

ఆవిడ భుజం మీదుగా లోపలికి చూశాను. అందరూ తలలు వంచి లెక్కలు చేసుకుంటున్నారు. వెనక బెంచీలో చిట్టి రెండు చేతులతో నోరు మూసుకుని ఉంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. మొహం నీలంగా మారిపోయింది. పక్కనున్న పిల్ల బెదిరిపోయి కళ్ళప్పగించి చూస్తోంది, చిట్టిని కాదు, గోడమీది లైటుని.

“చిట్టీ!”

నా అరుపుకి ఎర్ర లైటు భగ్గుమంది. “అయ్యో!” అంది క్లాసంతా.

లోపలికి దూసుకెళ్ళి, దాని చేతులు లాగేసి ఇన్‌హేలర్ నోట్లో పెట్టాను. పీల్చలేకపోయింది. మళ్ళీ నొక్కాను. ఈసారి కొంచెం లోపలికి వెళ్ళింది. టీచరమ్మ పరుగున మంచినీళ్ళు తెచ్చింది. ఆవిడని చెడామడా దులిపేద్దామనుకున్నాను, కానీ ముందు చిట్టి వీపు నిమిరాను.

ఊపిరి అందాక చిట్టి ముందు గోడ వైపు చూసింది. తరవాత నన్ను దగ్గరికి లాక్కుని, ఎవరికీ వినిపించకుండా చెవిలో అంది.

“ఎందుకరిచావమ్మా? ఇంక నాతో ఎవరూ మాట్లాడరు.”