ఖాళీ హాలు రిపోర్టు

నోటీసు బోర్డు మీద నాలుగు పంక్తుల కాగితం. వచ్చే ఏడు నుంచి భవన నిర్మాణ డ్రాఫ్టింగు కోర్సు ఉండదు. మొదటి ఏడు చదువుతున్నవాళ్ళు కావాలంటే బిజినెస్ మేనేజ్‌మెంటులోకి మారవచ్చు. అంతే. పదకొండు మంది చదువును నాలుగు పంక్తుల్లో పాతిపెట్టేశారు.

మేస్త్రమ్మ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. క్లాసులో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. తాపీమేస్త్రి కూతురు. పన్నెండేళ్ళు తండ్రి వెనకాలే ఇటుకలు మోసి, గోడలు కట్టి, ముప్పై దాటాక కాలేజీలో చేరింది. ఆ పన్నెండేళ్ళూ ఎవరో గీసిన ప్లాను ఎవరో చదివి చెబితే ఆమె కట్టింది. ఒకచోట మెట్ల కొలత తప్పిందని చెబితే "నీకేం తెలుసు, తట్ట ఎత్తు" అన్నారు. తీరా కట్టాక మెట్లెక్కిన ప్రతివాడి తలా దూలానికి కొట్టుకుంది. ఇంకొక్క ఏడాది చదివితే ప్లాను తనే గీస్తుంది. ఈ వయసులో ఆమెను చేర్చుకునే కోర్సు చుట్టుపక్కల మరోటి లేదు.

నేరుగా ప్రిన్సిపాలు గదిలోకి వెళ్ళింది.

"సార్, మా కోర్సు ఏం పాపం చేసింది?"

"నేనేం చేశానమ్మా? లెక్కలు చెబుతున్నాయి." ఆయన నున్నటి అట్ట వేసిన రిపోర్టు ఒకటి ముందుకు తోశాడు. "మేనేజ్‌మెంటు కుర్రాడి ప్రాజెక్టు. మొదటి బహుమతి. నెలంతా మీ డ్రాయింగు హాలును గమనించాడు. మంగళ, గురువారాలు మధ్యాహ్నం పురుగు కూడా లేదు. ఇవిగో ఫోటోలు."

ఏటవాలు బల్లలు, ఖాళీ స్టూళ్ళు. ఒక బల్ల మీద ఆమె సగం గీసి వదిలిన మెట్ల బొమ్మ. మేస్త్రమ్మ అట్ట తిప్పి రాసినవాడి పేరు చూసింది. తన తమ్ముడు.

మంగళ, గురువారాలు మధ్యాహ్నం డ్రాఫ్టింగు క్లాసు హాల్లో ఎందుకుంటుంది? టేపులు పట్టుకుని ఊరి మీద ఉంటుంది. కట్టిన బిల్డింగులకు వెళ్ళి గది పొడవు, కిటికీ ఎత్తు, గోడ మందం కొలుచుకొస్తారు. మిగతా రోజుల్లో కూర్చుని గీస్తారు. కొలవకుండా గీసేది ముగ్గు, ప్లాను కాదు. ప్రిన్సిపాలుకు ఈ సంగతి పట్టకపోవచ్చు. తమ్ముడికి తెలుసు. మొన్నటికి మొన్న ఒక గురువారం పాత గోదాము కొలవడానికి మనిషి తక్కువైతే, టేపు రెండో కొన పట్టుకున్నది వాడే.

"ఆ పూటలు మేం బయట కొలతలకు వెళ్తాం సార్. మా మాస్టారిని అడగండి."

"ఆయన తన కోర్సు కాపాడుకోవాలని చూస్తాడు, నువ్వూ అంతే. రాసినవాణ్ణే రేపటి మీటింగులో చెప్పమను. వాడు చెబితే నోటీసు తీయించేస్తాను."

తమ్ముడు క్యాంటీన్లో నలుగురి మధ్య టీ తాగుతున్నాడు.

"ఒరేయ్, ఇలా రా."

"అరవకక్కా, అందరూ చూస్తున్నారు."

"చూడనీ. ఫోటో తీసే రోజు నేనెక్కడున్నానో నీకు తెలీదూ?"

"హాలు ఎంతసేపు వాడుతున్నారనే అడిగారక్కా. మనుషులు ఎక్కడికెళ్ళారని అడగలేదు."

"అడక్కపోతే చెప్పవా? ఇల్లు తగలబడుతుంటే కూడా ఎవరైనా అడిగేదాకా కూర్చుంటావా?"

"ప్రాజెక్టు అన్నాక ఏదో ఒకటి తేలాలి కదా! అంతా బాగానే ఉందని రాస్తే ఎవడు చదువుతాడు?"

"దీన్నేనా మీ క్లాసులో చదువంటారు? మా తట్టల పనే నయంరా."

పక్కనున్నవాళ్ళు కిసుక్కున నవ్వారు. తమ్ముడి మొహం ఎర్రబడింది. "సరేలే, రేపు చెబుతాను. నీ మీద ఒట్టు."

ఆమె నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది? అమ్మ పోయాక వాణ్ణి వెంటేసుకుని పనికి వెళ్ళిన మనిషి. ఇసక కుప్ప మీద కూర్చోబెట్టి, గోడ మీద నుంచి ఒక కన్ను వాడి మీదే వేసి ఉంచిన మనిషి.

మర్నాడు మీటింగులో ప్రిన్సిపాలు అడిగాడు. తమ్ముడు లేచాడు. పొద్దున్న ఆమె ఇస్త్రీ చేసిచ్చిన చొక్కాయే.

"నేను చూసిన రోజుల్లో హాలు ఖాళీగానే ఉంది సార్. బయట పని గురించి నా దగ్గర పూర్తి సమాచారం లేదు."

పూర్తి సమాచారం! మేస్త్రమ్మ లేవబోయేలోపే ప్రిన్సిపాలు వాడి భుజం తట్టి, సోమవారం నుంచి ఈ కుర్రాడు ఆఫీసులో తనకు సాయంగా ఉంటాడని అందరికీ చెప్పాడు. డ్రాయింగు మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు. అప్పుడర్థమైంది ఆమెకు, నిన్న ఒట్టు పెట్టేటప్పటికే వాడికి ఆ కుర్చీ ఖాయమైపోయిందని.

సోమవారం తమ్ముడు మెడలో కార్డు వేసుకుని డ్రాయింగు హాలుకే వచ్చాడు. కోర్సు మారే ఫారాలు అందరికీ పంచి, ఒకటి మాత్రం నింపి తెచ్చాడు.

"నీకు శ్రమ లేకుండా నేనే రాసేశానక్కా. సంతకం పెడితే చాలు. అక్కడ నేనున్నాగా, చూసుకుంటాను."

పుట్టిన తేదీ, నాన్న పేరు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. సంరక్షకుడు అన్నచోట తన పేరు రాసుకున్నాడు. ఇదే కాలేజీలో వాణ్ణి చేర్చినప్పుడు ఆ గడిలో ఉన్నది ఆమె సంతకం.

మేస్త్రమ్మ కళ్ళలోకి నీళ్ళొచ్చాయి. మోచేత్తో తుడిచేసుకుంది.

"ఎవరూ సంతకం పెట్టకండి. ఫారాలిటివ్వండి."

ఇచ్చారు. ఏడాదంతా కొలిచి గీసిన ప్లాన్లన్నిటికీ మూలన కొలిచిన తేదీలున్నాయి, అన్నీ మంగళ, గురువారాలే. వాటిని చుట్టగా చుట్టి చంకన పెట్టుకుంది.

"ఇవన్నీ ప్రిన్సిపాలు బల్ల మీద పరుద్దాం. ప్రతి తేదీ గట్టిగా చదువుదాం. వినేదాకా కదిలేది లేదు. పదండి."

తమ్ముడు ముందుగా పరుగెత్తి ప్రిన్సిపాలు గది తలుపుకు అడ్డం నిలబడ్డాడు.

"సార్ పనిలో ఉన్నారక్కా. మొదటి రోజే నా పరువు తియ్యకు. నేను తర్వాత నిదానంగా మాట్లాడతాగా."

"తప్పుకోండి," అందామె.

వాడికి నవ్వొచ్చింది. "అండీ ఏంటక్కా? నేనే!"

మేస్త్రమ్మ వాడి మొహం చూడలేదు. వాడి భుజం పక్క నుంచి చెయ్యి చాపి తలుపు తోసింది. వెనక నుంచి పది మందీ ముందుకు జరిగారు.