చొక్కా చేతుల చుక్క

ఆ పొద్దున ఆకాశానికి కుదురు లేదు. మబ్బు కమ్మేది, వాన పడుతుందేమోనని దండెం మీది బట్టలు తీసి లోపలికి తెచ్చేలోపు ఎండ కాసేది. రెండుసార్లు తీసి రెండుసార్లు ఆరేశాను. మూడోసారి తడిస్తే తడవనీ అని వదిలేశాను.

మా ఆవిడ ఎనిమిదింటికే ఆసుపత్రికి బయలుదేరింది. నెల కిందట మెట్ల మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆ రోజు కట్టు విప్పుతారు. తోడు వస్తానంటే వద్దంది. గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ ఆగి, కిటికీ పక్కనున్న మిషను వైపు చూసింది.

"గుడ్డలు ముట్టుకోకు. వచ్చి నేనే చేసుకుంటా."

ముట్టుకోనని తలూపాను.

ఆవిడ కుట్టేది బొంత. నలభై ఏళ్ళుగా నా దర్జీ కొట్లో మిగిలిన కత్తిరింపులన్నీ గోనెసంచిలో దాచింది. వాటితో చుక్కలు కుడుతుంది. నడుమ ఒక చదరం, దాని చుట్టూ ఎనిమిది మొనలు, వెనక తెల్లగుడ్డ. మొనలకు చేతికి ఏది దొరికితే అది. పువ్వుల గుడ్డ పక్కన గళ్ళది, దాని పక్కన ఎవరో బడిపిల్ల గౌను నీలం. అలాంటి చుక్కలు తొమ్మిదయితే బొంత పైభాగం నిండుతుంది. ఎనిమిది అయ్యాయి. నడిమిది కుట్టేలోపే చెయ్యి విరిగింది.

ఆ నడిమి చుక్క మొనలన్నీ ఒకే గుడ్డలోంచి రావాలి. అది మా బావమరిది చొక్కా.

బావమరిది లారీ నడిపేవాడు. పోయి రెండేళ్ళయింది. అతని బట్టలు ఇంట్లో కనబడితే తట్టుకోలేక భార్య ఒక్క పూటలో అన్నీ మూటగట్టి ఎవరెవరికో ఇచ్చేసింది. తప్పు పట్టలేం. తరవాత కూతురు అడిగితే ఇంట్లో ఒక్క గుండీ కూడా లేదు. కాని మా గోనెసంచిలో అతని చొక్కా చేతులు రెండు మిగిలిపోయాయి. ఎండాకాలం పొడుగు చేతులతో బండి నడపలేకపోతున్నానంటే, మోచేతి పైకి నేనే కత్తిరించి పెట్టాను. బూడిదరంగు మీద సన్నటి ఎర్రచార. ఒక చేతి గుడ్డ నిండుగా ఉంది. రెండోదాంట్లో కొంత ఎవరి జేబుకో వాడేశాను కనుక కాస్త చిన్నది.

ఆ కూతురికే ఈ బొంత. రైలు పట్టాల కొలతలు చూసే ఉద్యోగం వచ్చింది. దూరపు ఊరు. ఆ రోజే నాలుగింటి బస్సు. మధ్యాహ్నం మా ఇంట్లో తిని, బొంత తీసుకుని వెళ్ళాలి. దూది, అడుగుగుడ్డ చలికాలంలో వచ్చినప్పుడు వేయించుకుంటానని, ఇప్పటికి పైభాగం చాలని చెప్పింది. ఆ పిల్ల నోరు తెరిచి అడిగిందే తక్కువ. తండ్రి చొక్కా ఉందని అత్త చెప్పిన రోజు మాత్రం, నడుమ పెట్టు అత్తా, అని రెండుసార్లు అంది.

తొమ్మిదింటికి గది ఊడ్చాను. తొమ్మిదిన్నరకు మిషనుకు నూనె వేశాను. పదింటికి కాలుగాలిన పిల్లిలా వీధిలోకీ ఇంట్లోకీ తిరుగుతున్నాను. కట్టు విప్పిన చెయ్యి ఆ రోజే కత్తెర పట్టగలదా అని ఒకటే గుబులు. పట్టలేకపోతే ఆ పిల్ల ఉత్త చేతులతో పోతుంది. మొనల గుడ్డలు కోసి పెడితే సగం పని అయిపోతుంది కదా అనిపించింది. కొయ్యడానికేముంది, పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ కోస్తున్నదే కదా.

మొన కుట్టడానికి ఆవిడ కొలత అట్టముక్క ఒకటి ఉంది. మూడంగుళాల చదరం. కుట్టాక కనబడే కొలత అది. కుట్టులోకి పోయే గుడ్డ ఆవిడ కంటితో చూసుకుని కలుపుకుంటుంది, నాలుగు వైపులా పావంగుళం. ఆ మాట నాకు తెలుసు. పక్కన కూర్చుని వందసార్లు చూశాను.

కాని నేను ప్యాంట్లు కుట్టేవాణ్ణి. నాకు పని నేర్పిన ముసలాయన మొదటి రోజే చెప్పాడు, లోపల గుడ్డ ఉంటే మనిషి లావెక్కినా దర్జీ మాట పోదని. అప్పటినుంచీ ప్రతి కుట్టులోనూ బోలెడు గుడ్డ వదులుతాను. బావమరిది ఎగతాళి చేసేవాడు, బావా నీ ప్యాంట్లో ఇంకో మనిషిని కూర్చోబెట్టచ్చు అని. సుద్దముక్క పట్టుకుంటే చాలు, నా చెయ్యి నన్నడక్కుండా అర అంగుళం జరిగి గీత గీస్తుంది.

పెద్ద గుడ్డను నాలుగు మడతలు వేసి ఒక్క కోతలో నాలుగు చదరాలు తీశాను. చక్కగా వచ్చాయి. చిన్న గుడ్డ మూలన అట్ట పెట్టి గీస్తుంటే ఫోను మోగింది. చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాను. కట్టు విప్పారట, అమ్మాయి బస్టాండు దగ్గర కలిసిందట, ఇద్దరూ వస్తున్నారట, అన్నం పొయ్యి మీద పెట్టమంది. సరే సరే అంటూనే కత్తెర నడిపించాను.

ఫోను పెట్టేసి ఆరో చదరానికి అట్ట పెట్టి, చుట్టూ కుట్టుకు గుడ్డ వదలబోయాను. పట్టలేదు. తిప్పి పెట్టాను. పట్టలేదు. మిగిలిన పట్టీ మూడంగుళాల వెడల్పుంది. పావుకు పావు వదిలి కోసినా మూడున్నర కావాలి. అప్పుడు చూశాను కోసినవాటిని. అన్నీ నాలుగు అంగుళాలు.

ఎనిమిది రావలసిన గుడ్డలో అయిదు వచ్చాయి.

పెద్దవాటి అంచులు కత్తిరించి అతికితే ఏమైనా వస్తుందా అని చూశాను. అరంగుళం పీలిక, రెండు వైపులా కుట్టుకు పోగా మిగిలేది గాలి. మూడంగుళాల పట్టీలు అతికితే ఒకటో రెండో వస్తాయి, మూడోదానికి గుడ్డ లేదు. వచ్చినవాటికీ చార తెగిపోతుంది. ఇంకొకరి తప్పయితే ఇట్టే కనిపెట్టేవాణ్ణి. అన్నం పొయ్యి మీద పెట్టి మళ్ళీ వచ్చి లెక్కపెట్టాను. అయిదే.

వాళ్ళు వచ్చేసరికి ఇల్లంతా గంజి వాసన. మా ఆవిడ చెయ్యి ఎండిన కొమ్మలా పాలిపోయి ఉంది, వేళ్ళు సగమే ముడుచుకుంటున్నాయి. అమ్మాయి సంచి గోడకు చేరేసి మంచం మీద పరిచిన ఎనిమిది చుక్కలు చూస్తోంది. నడుమ ఖాళీ.

"కోశాను," అన్నాను. "అయిదే వచ్చాయి."

మా ఆవిడ బల్ల దగ్గరికి వెళ్ళి ఒక చదరం ఎడమ చేత్తో ఎత్తి, అట్ట పక్కన పెట్టి చూసింది. ఎందుకైందో నేను చెప్పనక్కర్లేకపోయింది.

"ముట్టుకోవద్దన్నానా?"

"అన్నావు."

"మరి?"

"చేతులు ఊరుకోలేదు."

"సరే. చేతులదే తప్పు, నీదేం లేదు," అంది. తిట్టినా బాగుండేది.

గోనెసంచి మంచం మీద గుమ్మరించింది. బూడిదరంగుకు దగ్గరైన గుడ్డ కోసం ఎడమ చేత్తో వెతకసాగింది. బూడిదది దొరికితే చార లేదు. చారది దొరికితే ఎరుపు కాదు పచ్చ. నేను బజారుకు వెళ్ళి ఇలాంటి గుడ్డ ఎక్కడైనా చూస్తానన్నాను, చెప్పుల దాకా వెళ్ళాను కూడా. అమ్మాయి మిగిలిన పట్టీ తీసుకుని అట్ట మీద పెట్టి, కుట్టుకు తక్కువైన గుడ్డ ఎంతో గోటితో కొలిచింది.

"అరంగుళమే కదా మావయ్యా."

"అరంగుళమే."

"మా పనిలో అంత తేడా వస్తే రైలు పక్కకి పడుకుంటుంది."

నవ్విందేమోనని చూశాను. నవ్వలేదు. గుడ్డను వేళ్ళ మధ్య నలుపుతోంది, చాలాసేపు. తరవాత అత్త చేతిలోని పచ్చచార గుడ్డ తీసి మెల్లగా గోనెసంచిలో వేసింది.

"వేరేది వద్దత్తా. వేరేది కలిస్తే ఇది కూడా ఆ ఎనిమిదింట్లో ఒకటవుతుంది. అయిదు వేసి, మిగతా మూడు చోట్లా తెల్లగా వదిలెయ్యండి."

మూడు మొనలు లేని చుక్క ఎక్కడన్నా ఉంటుందా అని మా ఆవిడ అడిగింది. ఎలుక కొరికినట్టుంటుందంది. చూసినవాళ్ళు మీ అత్తకు ఎనిమిది దాకా లెక్క రాదనుకుంటారంది. అన్నిటికీ అమ్మాయి ఊఁ కొట్టింది, మాట మార్చలేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం.

"అత్త కాదులే, మావయ్య కుట్టాడని చెప్తాను," అంది చివరికి.

అది నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. నా చేతి కింద నుంచి సగం పని ఎప్పుడూ బయటికి పోలేదు. ఇంకో వారం ఆగు, ఎక్కడో ఒకచోట ఆ గుడ్డ పట్టుకొస్తాను అనబోయాను. అయినా ఆ గుడ్డ ఎక్కడిది. అలాంటి గుడ్డ దొరకచ్చు.

కూర్చున్నాను. మా ఆవిడ పక్కన ముక్కాలిపీట వేసుకుంది. కాయితం ముక్కను నాలుగైదుసార్లు మడిచి, సూదికి పావంగుళం దూరంలో మిషను పలకకు అంటించమని అమ్మాయికి చెప్పింది.

"దానికి ఆనించి తోలు. నీ చేతిని నమ్మకు."

నాలుగంగుళాల చదరాలను మూడున్నరకు తగ్గించాను. ఒక్కోదాన్నీ తెల్ల పట్టీ చివర పెట్టి, మూల నుంచి మూలకు కుట్టి, బయటి సగం కోసేసి, రంగు వైపు తిప్పి మడిస్తే మొన లేస్తుంది. అయిదూ లేచాయి. చెయ్యి ప్రతిసారీ కాయితం దాటి పక్కకు పోవాలని చూసింది. పోనివ్వలేదు. మెడ పట్టేసింది. బయట వెలుతురు పోతోంది, వస్తోంది. చార కనబడనప్పుడు ఆగాను, కనబడగానే తొక్కాను. నడిమి చదరానికి అమ్మాయి గోనెసంచి గుడ్డల్లోంచి పసుపుపచ్చది తీసిచ్చింది. తెల్ల పట్టీలు మూడు చోట్ల ఖాళీగా కలుపుతుంటే నా కాలు పెడలు మీద రెండుసార్లు ఆగింది. మా ఆవిడ చక్రం మీద ఎడమ చెయ్యి వేసి ముందుకు తిప్పింది.

చుక్కను ఎనిమిదింటి నడుమ చేర్చి, వరసలు కలిపి ఇస్త్రీ చేసేసరికి మూడు దాటింది. మంచం మీద పరిచాం. చుట్టూ ఎనిమిదీ సంతలా ఉన్నాయి. నడిమిది ఒక వైపు నిండుగా ఉంది, రెండో వైపు తెల్లగా ఊరుకుంది. నా కన్ను మాటిమాటికీ ఆ తెలుపు మీదికే పోతోంది. అమ్మాయి మడత పెట్టబోయి ఆగి, చారల మొన ఒకదాని మీద అరచెయ్యి పెట్టింది. తీసింది. మడత పెట్టింది.

బస్సుకు ముప్పావుగంట ఉంది. అన్నం చల్లారిపోయింది. కూర మాత్రం వేడి చేశాను. ముగ్గురం నేల మీదే కూర్చున్నాం. మా ఆవిడ పట్టుబట్టి కుడి చేత్తోనే కలుపుకుంది. ముద్ద కుదరక మెతుకులు కంచం బయట పడుతున్నాయి. ఎవరమూ చూడనట్టే ఉన్నాం. అమ్మాయి గిన్నె దగ్గరకు జరిపి ఆవిడ కంచంలో ఇంకాస్త కూర వేసింది. నా కంచంలో కూడా వేసింది. వద్దనలేదు. తిన్నాం.