అన్నయ్య పేరు లేని లాలిపాట

అన్నయ్య కంప్యూటరు డబ్బా విప్పి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, నేను ఎదురుగా స్టూలు మీద ఉన్నాను, మేమున్నది మండపేట రైసుమిల్లు వీధిలో అన్నయ్య నడిపిన రికార్డింగు సెంటరే, గోడల నిండా క్యాసెట్లు, పైనించి ఊక సన్నగా రాలుతోంది, కానీ కింద నేల మెల్లగా కదులుతోంది, పక్కనే కాలవ నీళ్ళ చప్పుడు, అంటే కొట్టు పడవ మీద వెళ్తోందన్నమాట, అదేమీ నాకు వింతగా లేదు, నా భయమల్లా ఆ డబ్బాలోంచి ఏ చిన్న స్క్రూ అయినా జారి నీళ్ళలో పడిపోతుందేమోనని.

"అన్నయ్యా, కరెంటు తీశావా?" అంటాను.

"పడవలో కరెంటేంటే మాణిక్యం?" అని నవ్వుతాడు.

ఆయన పోయి మూడేళ్ళయిందని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు, పెళ్ళింట్లో పాత తగాదా ఎత్తనట్టుగా ఇద్దరమూ ఆ మాట ఎత్తడం లేదు.

"జబ్బేంటో చెప్పు. ఏడవకుండా చెప్పు."

"సినిమా డిస్కు పెడితే బొమ్మా వస్తోంది, మాటా వస్తోంది. అమ్మ పాటల డిస్కు పెడితే మటుకు గిర్రున తిరుగుతుంది, ఒకటో పాట, రెండో పాట అని వరసగా చూపిస్తుంది, నిమిషాలు కూడా నడుస్తాయి, చప్పుడు మాత్రం రాదు. అల్లుడు మూడు రోజులు కుస్తీ పట్టి, డ్రైవు పాటల్ని చదవట్లేదత్తయ్యా, డిస్కే పోయినట్టుంది అన్నాడు. ఎల్లుండే నా మనవరాల్ని, సుభాషిణి కూతుర్ని, ఉయ్యాల్లో వేసేది. ఎలా అన్నయ్యా?"

"వేరే ఎక్కడన్నా పెట్టించి చూడకపోయారా?"

"బయటికి పంపిస్తే దారిలో విరిగితే? ఎండకి వంగిపోతే? ఎవడన్నా గీత పెడితే? అమ్మ గొంతు ఇంకెక్కడుంది మనకి?"

"మరెక్కడ దాచావ్?"

"పసుపు గుడ్డలో చుట్టి, పట్టుచీర మడతలో పెట్టి, చీర బీరువాలో పెట్టి, బీరువా తాళం బియ్యం డబ్బాలో వేశాను."

"బియ్యం డబ్బా ఎక్కడ దాచావే?"

నవ్వొస్తుంది నాకు, నవ్వుతుండగానే ఎక్కడినించో బొంతల వాసన వస్తుంది, చూస్తే కొట్టు తలుపుకి బొంతలు వేలాడుతున్నాయి, వీధి చప్పుడు లోపలికి రాకుండా అన్నయ్య ఆ మధ్యాహ్నం కట్టినవే, ఫ్యాను ఆపేసి అమ్మని మైకు ముందు కూర్చోబెట్టి ఆ పాట పట్టిన రోజువే. మా ఇంట్లో బిడ్డని ఉయ్యాల్లో వేసేటప్పుడు ఆ లాలి పాడి తీరాలి, అది ఏ పుస్తకంలోనూ ఉండదు, ఇంట్లో పోయిన పెద్దల పేర్లన్నీ వరసగా చెప్పి, ఫలానా తాత చూస్తున్నాడు, ఫలానా అవ్వ ఊపుతోంది అని ఒక్కొక్కళ్ళకీ ఒక్కో చరణం కడతారు, ఆఖరి చరణం బిడ్డ పేరుది. పడవ ముందు వైపు ఎవరో మాకు వీపు పెట్టి కూర్చున్నారు, ఆ జారుముడి అమ్మదే, ఉక్కపోతకి కొంగుతో విసురుకుంటోంది, పిలిస్తే తిరుగుతుందో తిరగదో అని నేను పిలవను.

"అమ్మ లేకపోతే నువ్వు పాడు," అంటాడు అన్నయ్య, అదేదో అన్నం వడ్డించమన్నంత తేలిగ్గా.

"నేనా? సుభాషిణిని ఉయ్యాల్లో వేసినప్పుడు ఏమైందో మర్చిపోయావా?"

అనగానే బొంతలు తెల్లబడి ఆసుపత్రి దుప్పట్లవుతాయి, క్యాసెట్ల మధ్యనించి నీలం రంగు లైటు పడుతుంది, దాని కింద కళ్ళకి గంతలు కట్టి పడుకోబెట్టిన నా పసిపిల్ల. అమ్మకి జ్వరమొచ్చి రాలేకపోతే ఆ ఒక్కసారీ నేను పాడాను, వారం తిరక్కుండా పిల్ల ఒళ్ళు పసుపుముద్దయింది, కామెర్లన్నారు. ఆనాటినించి నేను పాట నోట పట్టలేదు, కూర తాలింపు వేస్తూ కూనిరాగం కూడా తియ్యలేదు, నా గొంతులో ఏదో ఉందని, అది పిల్లలకి తగులుతుందని ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు అన్నయ్యతో అంటున్నాను.

అన్నయ్య డబ్బాలోంచి తలెత్తడు. "ఆ వార్డులో ఎంతమంది పిల్లలున్నారే అప్పుడు?"

"పన్నెండు మంది."

"పన్నెండు మంది తల్లులూ వచ్చి నీ పాటే పాడారా?"

ఇన్నేళ్ళూ ఆ లెక్క నేనెందుకు వెయ్యలేదో తెలియదు, ఈలోగా ఆయన డ్రైవు వెనక్కి తిప్పి తీగ లేకుండా ఖాళీగా ఉన్న చిన్న ఇనప పుల్లలు చూపిస్తాడు. "ఇక్కడ సన్న తీగ ఒకటుండాలి, ఇక్కడినించి సౌండు కార్డుకి. సినిమా చప్పుడు వేరే దారిన పోతుంది. పాటల డిస్కు పాట మన డబ్బాలో దీంట్లోంచే రావాలి. ఏదీ అది?"

నేను నీళ్ళలోకి చూస్తాను. ఆయన దినకర్మలయ్యాక వదినగారు ఆ డబ్బా మా ఇంటికి పంపిస్తే, దుమ్ము దులుపుతూ చూశాను, మిగతా తీగలన్నీ లావుగా దిట్టంగా ఉన్నాయి, ఇదొక్కటే సన్నగా అటూ ఇటూ వేలాడుతోంది, ఎప్పుడో నిప్పురవ్వ లేచి ఇల్లంతా అంటుకుంటుందని పీకి చెత్తలో వేశాను, ఎవరికీ చెప్పలేదు, మొన్న అల్లుడు ఆపసోపాలు పడుతున్నప్పుడు కూడా నోరెత్తలేదు.

చెప్తాను. తిడతాడని ఎదురుచూస్తాను.

"అయితే మూడేళ్ళుగా ఇల్లు కాలకుండా కాపాడావన్నమాట," అంటాడు.

"పాట పోలేదా మరి?"

"డిస్కు నిక్షేపంలా ఉంది. అమ్మ పాడుతూనే ఉంది, బయటికి దారి లేదంతే."

గుండెల మీదనించి రుబ్బురోలు దింపినట్టవుతుంది, తీగ తెప్పిస్తాను, ఎల్లుండిలోగా ఎలాగోలా తెప్పిస్తాను, నాలుగు తెప్పిస్తాను అంటూ ఉంటే, పడవ లాకుల దగ్గర ఆగుతుంది, నీళ్ళు మెల్లగా పైకి లేస్తుంటాయి, క్యాసెట్లు ఒక్కొక్కటే గోడ వదిలి తేలుతుంటాయి.

"తెప్పించు. పెట్టి విను. ఆ పాటలో ఎవరెవరున్నారో చెప్పు?"

"వీర్రాజు తాత, బంగారమ్మ అవ్వ, నాన్న..." అని ఆగిపోతాను.

"అమ్మ ఉందా?"

"పాడింది తనే కదా, అప్పటికి బతికే ఉంది."

"ఎల్లుండి పెట్టబోయే పాప పేరుందా?"

"లేదు."

"నేనో?"

ఈ మాట మాత్రం స్క్రూ బిగిస్తూ, నా వైపు చూడకుండా అడుగుతాడు, చుట్టాలింట్లో రెండోసారి కూర అడగడానికి మొహమాటపడేవాడే, అలా. మూడేళ్ళలో ఆయన ఫోటోకి దండ మార్చాను, తద్దినానికి కాకికి పెట్టాను, ఆయన పేరు పెట్టి మాత్రం ఒక్క చరణం కట్టలేదు.

"పాపకి ఏమన్నా అయితే అన్నయ్యా?"

"అయితే డిస్కే పెట్టుకో. నాకు చరణం మొత్తం అక్కర్లేదులే, సగం ఇచ్చినా చాలు. అమ్మతో పంచుకుంటాను."

ఇప్పుడాయన గట్టు మీద ఉన్నాడు, ఎప్పుడు దిగాడో, నేను పడవలో ఉన్నాను, మధ్యలో నీళ్ళు వెడల్పవుతున్నాయి, డబ్బా చంకలో పెట్టుకుని, రెండో చేత్తో టేపురికార్డరు మీట నొక్కి, నోటి మీద వేలు పెట్టుకుని నా వైపే చూస్తున్నాడు. నేను నోరు తెరుస్తాను. తుప్పు పట్టిన గడియలా గొంతు ముందు కిర్రుమంటుంది, తర్వాత కదులుతుంది, వీర్రాజు తాత చూస్తున్నాడు లాలీ, బంగారమ్మ అవ్వ నవ్వుతోంది లాలీ, నాన్న వస్తాడు, నాన్న వెనకాల అచ్చియ్యమ్మ అవ్వ ఊపుతోంది లాలీ, వీపు పెట్టి కూర్చున్న అమ్మ తన పేరు విని విసురుకోవడం ఆపుతుంది, ఇక అన్నయ్య వంతు, భీమరాజు తాత వింటున్నాడు లాలీ...

కళ్ళు తెరిచాను. మధ్యాహ్నపు ఎండ గుమ్మంలో పడుతోంది. గోడకి చేరబడి కూర్చునే కునుకు తీశాను, చెయ్యి పాప గుండె మీద జో కొడుతూనే ఉంది, నోట్లోంచి లాలి ఇంకా వస్తూనే ఉంది. చటుక్కున ఆపాను.

గుమ్మంలో సుభాషిణి చెప్పుల్లేకుండా నిలబడి ఉంది. చాపిన చేతిలో సెల్‌ఫోను, దాని మీద చిన్న ఎర్రచుక్క వెలుగుతోంది.

"అమ్మా," అంది గుసగుసగా, "మామయ్య పేరు దగ్గర గొంతు జీరపోయింది. ఇంకోసారి పాడవా?"

ముందు పాప నుదురు తాకాను. కాళ్ళు తాకాను. గోళ్ళు వెలుగులోకి తిప్పి చూశాను, ఎర్రగా ఉన్నాయి, ఒళ్ళు చల్లగా ఉంది. అప్పుడు గొంతు సవరించుకున్నాను.